నా సగం నాకు చాలు

చింతామణి,
9 ఆగస్టు 2006

అమరనాథన్నకు,

మా కంప్యూటర్ సెంటరులో మీ చెల్లెలు హేమావతి, నేను పంచుకున్న కంప్యూటర్‌లో విండోస్ పక్కనే మీరు వేసిన లినక్సును 19వ తేదీ శనివారం తుడిచేస్తారట. మా ఇంట్లో అడగడానికి చదువుకున్నవాళ్లు లేరు. అందుకే మీకు రాస్తున్నాను.

వేగపరీక్ష పెడితే అదే కంప్యూటర్ విండోస్‌లో పూర్తి మార్కులు చూపిస్తుంది, లినక్సులో సగమే. "ఈ లినక్సు శానా నిదానం ఉండాదమ్మా, తీసి పారేద్దాం" అన్నారు యజమాని చెన్నరాయప్ప. కానీ నాతోపాటు నేర్చుకునే నయన కూర్చుంటే లినక్సులోనూ పూర్తి మార్కులే వస్తాయి. నేను కూర్చుంటేనే సగం.

ఇద్దరు ఒకేసారి పనిచేస్తుంటే లినక్సు వేగాన్ని చెరిసగం పంచుతుందని మీరే మాకు చెప్పారు. ఆ రెండోవాళ్లెవరా అని నడుస్తున్న పనుల జాబితాలో చూస్తే హేమావతి పేరు ఉంది. ఆమె పోయి ఏడాది దాటింది కదా అన్నా. ఆ పేరుతో నడిచే పనిని ఆపితే ఆగుతుంది. నేను కీబోర్డు మీది నుంచి చెయ్యి తీయగానే మళ్లీ మొదలవుతుంది.

ఆమె పేరుతో మీరేదైనా పని పెట్టి ఉంటే చెప్పండి, నేనే తుడిచేస్తాను. పెట్టకపోతే, తుడవవద్దని చెన్నరాయప్పగారికి మీరే రాయండి. నా సగం నాకు చాలు.

18వ తేదీలోగా జవాబు రాయండి.

మీ హేమావతి పక్కన కూర్చునే అమ్మాయి