చక్రాల కింద మా అత్తగారి దుప్పటి

శ్రీ లెబూసా ఖెచానె గారికి,
శీతకాల రహదారి భద్రతాధికారి,
కొండదారుల విభాగం.

అయ్యా,

విషయం: గత చలికాలం, ఆగస్టులో మంచు కురిసిన శుక్రవారంనాడు లెహ్లోవెంగ్ కనుమలో తమ ప్రభుత్వ వాహనము చక్రాల కింద పరచబడి, నేటివరకు తిరిగి ఇవ్వబడని దుప్పటి గురించి, మరియు మా ఆడపడుచు ఎదుట తమరు నోరు విప్పవలసిన అవసరము గురించి.

కొండ దిగువ ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలినైన మసెబొలెలో ఫత్స్వానె అను నేను, పై విషయమై, ఒళ్లు మండుచున్నను చేతిరాత చెడకుండా విన్నవించుకొనునది ఏమనగా:

1. ఇదే అర్జీని ఇదివరకు రెండుమార్లు తమ పైఅధికారులకు పెట్టుకొన్నాను. రెండుమార్లూ అది "తగు విచారణ నిమిత్తం" తమ బల్లమీదికే దిగివచ్చినది. కంచె చేను మేసిందని మొరపెట్టుకుంటే, ఎవరు మేశారో కనుక్కోమని ఆ కంచెకే పురమాయించినట్టు ఉన్నది. తమరు తమను విచారించుకొని, తమ వాంగ్మూలము తీసుకొని, తమ తప్పేమీ లేదని తేల్చి నాకు తెలియపరిచారు. కనుక ఈసారి నడుమ ఎవరినీ శ్రమపెట్టకుండా నేరుగా తమకే వ్రాయడమైనది.

2. శుక్రవారం కొండ ఎక్కి మా ఊరికి పోవడం, సోమవారం కొండ దిగి బడికి రావడం నా ఉద్యోగంలో భాగం. మంచు నాకు కొత్తా కాదు, భయమూ కాదు. అయితే సదరు శుక్రవారంనాడు నేను పోతున్నది మా అత్తగారిని సాగనంపడానికి. శనివారం ఉదయం ఆవిడ ఖననం. ఆవిడను చుట్టవలసిన దుప్పటి నా ఒడిలో, సంచిలో ఉన్నది. మట్టిలోకి పోయేటప్పుడు మనిషి తన దుప్పటితో పోవాలని బసోతో జాతివారింట పుట్టిన తమకు నేను చెప్పనక్కరలేదు. తమ తల్లిగారిని తమరు వట్టి చేతులతో పంపి ఉండరు.

ఆ దుప్పటి నా వద్ద ఎందుకున్నదని విచారణలో తమరు ప్రశ్నించారు. చెబుతాను. మా అత్తగారికీ నాకూ మొదటినుంచీ ఉప్పూ నిప్పూ. నేను మొక్కజొన్న పిండితో వండిన పాపా ముద్ద గట్టిగా ఉంటే నోట్లో రాళ్లు పోశానంది, జారుగా ఉంటే దూడకు పెట్టమంది. అటువంటి మనిషి నిరుడు తన మొక్కజొన్న కంకుల అంచు దుప్పటి తెచ్చి నా ఒళ్లో పడేసింది. "ఇది నీ పెట్టెలో దాచు. నా కూతురు చేతికిస్తే అమ్ముకు తింటుంది. నీకు నేనంటే పడదు, కానీ నీది దొంగబుద్ధి కాదే" అంది. జన్మలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారి. ఆ మాటను తమరు బండి చక్రంతో తొక్కించారు.

3. కొండ మొదట్లోని గేటు వద్ద తమరు మా టాక్సీని ఆపి, "మంచులో క్షేమంగా ప్రయాణించుట" అను కరపత్రాలు తలా ఒకటి పంచి, దానిపై ఉపన్యాసము ప్రారంభించినారు. పైన మబ్బు కిందికి జారుతున్నది. మా డ్రైవరు ఖబేలె దండం పెట్టి అడిగాడు.

"అయ్యగారూ, ఎండ ఉండగా కొండ దాటించండి. పాఠం అవతల దిగాక చెబుదురు గాని, కాఫీ కూడా నేనే పోయిస్తా."

"తొందరపడేవాడే లోయలో తేలతాడు. నువ్వు ముందు కూర్చో" అన్నారు తమరు.

చక్రాలకు గొలుసులు ఉండవలెను. పార ఉండవలెను. ఒక బస్తా ఇసుక ఉండవలెను. మనిషికొక దుప్పటి ఉండవలెను. ఎక్కుడులో కదిలిన బండిని ఎట్టి పరిస్థితిలోను ఆపరాదు. ఇవన్నీ చదివి, అర్థాలు చెప్పి, మాచేత తిరిగి చెప్పించారు. నేను పిల్లలకు కూడా అంతసేపు ఎక్కం చెప్పించను. వెనుక సీటులోని పెద్దావిడ, "మరి నీ బండిలో ఉన్నాయా నాయనా ఇవన్నీ?" అని అడిగితే తమరు నవ్వారు.

"మాది ప్రభుత్వ బండి అమ్మా. నాలుగు చక్రాలూ లాగుతాయి. నేను ముందు పోతా, నా జాడలో రండి."

అప్పటికి మంచు మొదలైంది. మేము తమ జాడలోనే వచ్చాము. అదే మేము చేసిన పొరపాటు.

4. శిఖరానికి ఇవతలి మలుపులో తమ బండి పక్కకు జారి, రోడ్డుకు అడ్డంగా తిరిగి, ముక్కు మంచుగుట్టలో పెట్టుకొని నిలిచిపోయింది. మాకు ముందుకు దారి లేదు, వెనక్కి తిరిగే చోటు లేదు. అందరం దిగి నెట్టాం. చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగి మా మొహాల మీద బురదమంచు కొట్టాయి. తమ బండిలో పార లేదు, ఇసుక లేదు, గొలుసులు లేవు, దుప్పటి కూడా లేదు. తమ కరపత్రాలు మాత్రం కట్టలకు కట్టలు ఉన్నాయి. ముందు వాటినే చక్రాల కింద వేశారు. అవి తడిసి మరింత జారాయి. ఆ తరువాత తమ చూపు నా సంచి మీద పడింది.

"అమ్మా, అందులో ఉన్నది దుప్పటేనా?"

"దుప్పటే. కానీ అది మనకు కాదండీ, పోయినావిడకి."

"పోయినావిడకి చలేంటమ్మా! బతికున్నవాళ్లం ఇక్కడ గడ్డకట్టుకుపోతుంటే."

నేను సంచిని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు తమరు గొంతు మార్చారు. "రెండు నిమిషాలమ్మా. బండి కదలగానే దులిపి, మడతపెట్టి నీ చేతిలో పెడతా. మా అమ్మ మీద ఒట్టు. పైకెళ్లగానే మంచు తోసే యంత్రాన్ని కూడా మీకోసం పంపిస్తా." చలికి ఏడుస్తున్న పసిబిడ్డను చంకన వేసుకొని ఒక ఆడమనిషి నా వంక చూసింది. ఆ చూపుకు ఓడిపోయి ఇచ్చాను. లేకుంటే తమ ఒట్టుకు ఇచ్చేదాన్ని కాదు.

చక్రాలు దుప్పటిని కరిచి పట్టుకున్నాయి. బండి ఎగిరి ముందుకు పోయింది. దుప్పటి వెనుక చక్రానికి చుట్టుకొని, ఒక చెంగు బయటకు వేలాడుతూ తమతోపాటే పోయింది. ఖబేలె మంచులో పడుతూ లేస్తూ వెంట పరుగెత్తాడు.

"ఆపండయ్యా! దుప్పటి! ఆవిడ దుప్పటి!"

తమరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అరిచిన మాట టాక్సీవాళ్లందరికీ వినబడింది.

"ఎక్కుడులో ఆపకూడదు! కాగితం చదువుకోండి!"

మలుపు తిరిగి మాయమయ్యారు. యంత్రము రాలేదు. తమ చక్రాలు తవ్విన గోతుల్లో మా టాక్సీ దిగబడితే, చేతులతో రాళ్లు ఏరి పరుచుకుని మేమే బయటపడ్డాము. నా గోళ్లు రెండు ఊడిపోయాయి. వాటిని గురించి ఈ అర్జీలో ఫిర్యాదు లేదు, గోళ్లు మళ్లీ వస్తాయి.

5. ఇంటికి చేరేసరికి శవజాగారం సాగుతున్నది. పాట మధ్యలో ఆగింది. ఎవరూ నా మొహం చూడలేదు, అందరూ చేతులే చూశారు. మా ఆడపడుచు పొంత్షో లేచి వచ్చింది.

"ఏదే దుప్పటి?"

"కనుమ మీద ఆఫీసరు తీసుకున్నాడు వదినా. బండి కింద వేశాడు."

"భలే కథ! ఆఫీసరుకి చలేసిందా? అమ్మ బతికుండగా ముద్ద సరిగ్గా పెట్టలేదు, చచ్చాక చలికి వదిలేశావు. పగ తీరిందా ఇప్పటికైనా?"

అత్తగారిని ఆస్పత్రి దుప్పట్లోనే పూడ్చారు, చిరుగుకు మాసిక కూడా ఉంది దానికి. ఆనాటినుంచీ ఆ ఇంట నేను వడ్డిస్తే ఎవరూ తినరు. మా ఆయన తింటాడు గాని తలెత్తడు. నేను ఆవిడతో పోట్లాడింది నిజం. ఆవిడ పోవాలని ఒకటి రెండుసార్లు అనుకున్నదీ నిజం. కానీ చలికి వణుకుతూ పోవాలని ఏనాడూ అనుకోలేదు. ఆ మాట నేను చెబితే నమ్మేవారు ఆ ఊళ్లో లేరు. నమ్మించగల నోరు ఒక్కటే ఉన్నది, అది తమది.

6. తమ జవాబులో "వాహనము తనిఖీ చేయగా దుప్పటి ఏదియు కనబడలేదు" అని వ్రాశారు. చిత్తము. గత నెల నేను తమ కార్యాలయమునకు వచ్చినప్పుడు, ఆవరణలో కాపలా ముసలాయన తమ బండి అద్దం మీది మంచు తుడుస్తున్నాడు. ఆ గుడ్డకు మొక్కజొన్న కంకుల అంచు ఉన్నది.

"ఎక్కడిది పెద్దయ్యా ఈ గుడ్డ?"

"ఆఫీసరుగారు ఇచ్చిందేనమ్మా. నీళ్లు బాగా పీలుస్తుంది."

లాక్కున్నాను. ఆయన పాపం బిత్తరపోయాడు. ఆ ముక్క తీసుకెళ్లి మా ఆడపడుచుకు చూపిస్తే, "నువ్వే కత్తిరించి తెచ్చావు" అంది. సదరు ముక్కను సాక్ష్యముగా ఇందుతో జతపరచుట లేదు. తమ చేతికి దుప్పటిని ఒకసారి ఇచ్చి చూశాను.

7. కావున నా కోరికలు:

తమరు సెలవు పెట్టి, తమ బండిలో కాక ఖబేలె టాక్సీలో, మంచు కురిసే రోజునే కొండ దాటి మా ఊరు రావలెను. దిగబడితే అందరితోపాటు దిగి రాళ్లు ఏరవలెను. మా వంశం పెద్దలందరి ఎదుట నిలబడి, ముఖ్యముగా పొంత్షో కళ్లలోకి చూసి, "నేనే తీసుకున్నాను, నేనే తొక్కించాను, కోడలి తప్పు లేదు" అని పెద్దగా చెప్పవలెను. గొణగరాదు.

ఆ పిమ్మట, పెళ్లినాడు తమ భుజాన కప్పిన దుప్పటిని సమాధి మీద పరచి వట్టి భుజాలతో తిరిగి వెళ్లవలెను. దుకాణంలో కొన్న కొత్తది పనికిరాదు. కొత్త దుప్పటి ఇచ్చేస్తే తమకు డబ్బే పోతుంది. నాకు తమ డబ్బు పోవడం అక్కరలేదు, చలికాలం రాగానే భుజం తడుముకొని గతుక్కుమనడం కావలెను.

ఇకపై అచ్చువేయించు కరపత్రాలలో "ఎదుటివారి దుప్పటి అడుగరాదు" అని ఒక నియమము చేర్చవలెను. నాలుగవ తరగతి పిల్లలకు కూడా అర్థమగునట్లు, పెద్ద అక్షరాలలో.

పై విషయములను, తమకు చిత్తమనునది ఉన్న పక్షమున, చిత్తగించవలెను.

ఈ ఒక్క కాగితము మేరకు మాత్రమే
తమ విధేయురాలు,
మసెబొలెలో ఫత్స్వానె

తా.క. ఇది రాసి, పంపాలా వద్దా అని కొన్నాళ్లు పెట్టెలో పెట్టాను. ఈలోగా జరిగింది కూడా చెప్పేస్తాను. ఖననం అయిన దగ్గర్నుంచీ మా అత్తగారు నా కలలోకి వస్తూనే ఉంది. మంచం పక్కన నిలబడి, "చలేస్తోందే. నా దుప్పటేదే?" అంటుంది. పోయినవాళ్లు ఊరికే రారని మీకూ తెలుసు. నేను తట్టుకోలేకపోయాను. పోయిన ఆదివారం సమాధి దగ్గరికి పోయి, ఇంత జొన్న సారా ఒంపి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. "అత్తయ్యా, నా దగ్గర ఒక్క ముక్క తప్ప లేదు. నా మీద ఒట్టు. మిగతాది ఖెచానె గారి దగ్గరుంది. పోస్టాఫీసు వెనక వీధి, పచ్చ గేటు. కుక్క ఉంది గాని నిన్ను చూస్తే అరవదులే. వాళ్లావిడ మంచిది, ఆవిణ్ణి ఏమీ అనకు. ఏ గదో నాకు తెలీదు, గురక పట్టి పోల్చుకో" అన్నాను.

ఆ రాత్రినుంచీ నా కలలోకి రావడం మానేసింది. హాయిగా నిద్రపోతున్నాను.

మీరు ఆఫీసులో రెండు కోట్లు వేసుకుని, హీటరు ఒళ్లో పెట్టుకున్నా వణుకుతున్నారని నిన్న ఖబేలె చెప్పాడు. కళ్ల కింద నల్లగా ఉందట కూడా. అయ్యా, నా అర్జీకి జవాబు మీ వీలునుబట్టి ఎప్పుడిచ్చినా సరే, నాకు తొందర లేదు. మా అత్తగారు మాత్రం అర్జీలు పెట్టుకునే మనిషి కాదు.