చర్చి చుట్టూ కారు

పాస్టరు అయ్యగారికి వందనాలు. ఎదురుపడి చెప్పే ధైర్యం లేక రాస్తున్నానండి.

మెకానిక్కు ఎందుకులే అని, ఫోన్లో వీడియో చూసి మీ కారుకు క్లచ్ ప్లేటు నేనే మార్చాను. కారు శుభ్రంగా నడుస్తోంది, ఆపడమే కుదరడం లేదు. ఆపితే ఇంజను కూడా ఆగిపోయి, నలుగురు తోస్తేగాని కదలడం లేదు. ప్లేటు తిరగేసి బిగించానని మా ఆవిడ అంటోంది. ఆవిడకేం తెలుసండి!

ఆదివారం కంకిపాడు ఆరాధనకు మిమ్మల్ని నేనే తీసుకెళ్తాను. చర్చి దగ్గర బాగా నెమ్మది చేస్తాను, మీరు బైబిలు పట్టుకుని దిగిపోండి. తోసేవాళ్లంతా లోపల ప్రార్థనలో ఉంటారు కాబట్టి, నేను ఆపకుండా చర్చి చుట్టూ తిరుగుతుంటాను. డీజిలు తక్కువుంది, ప్రసంగం కాస్త తొందరగా ముగించాలి.

ఈ సంగతి మీ ఇంట్లో అమ్మగారికి చెప్పాను. "ఇన్నేళ్ల నా ప్రార్థన ఫలించింది బాబూ, ఆ ప్లేటు ఇంక ముట్టుకోకు" అన్నారు.

ఇట్లు,
మీ సంఘబిడ్డ