మచ్చ పోదన్నారు

ఏప్రిల్ 3, సోమవారం

దింకో వచ్చాడు.

గీతల మీద రాస్తున్నానో, పక్కన రాస్తున్నానో తెలియడం లేదు. అయినా రాయాలి. ఎవరికీ చెప్పుకోలేను కనక రాయాలి.

పొద్దున కాఫీ పెట్టుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. వరండా చివర, వలలు బాగుచేసుకునే బల్ల మీద, పసుపు రెయిన్‌కోటు వేసుకుని, సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు వీపు మాత్రమే కనిపించింది. చాలు. నా కొడుకు ట్యూనా పడవ ఎక్కడానికి జెట్టీ మీద నడిచి వెళ్ళిన రోజు కూడా నేను చూసింది ఆ వీపే. పడవ చెక్కలు దొరికాయి, వాడు దొరకలేదు. అప్పటికి వాడికి ఇరవై రెండేళ్ళు. ఇప్పుడూ ఇరవై రెండే.

కోటు మీద కుట్లు కూడా కనిపించాయి. ఎదురుగా నిలబడిన కూతురి ముఖం కనిపించని కళ్ళకి కుట్టు కుట్టూ కనిపించింది. ఎంత దయ స్వామీ, ఈ ముసలాడి మీద ఎంత దయ.

ఏప్రిల్ 4

మళ్ళీ వచ్చాడు. బల్ల మీద కాఫీ పెట్టాను. తాగలేదు. ఫర్వాలేదు, వచ్చాడు కదా.

ఏప్రిల్ 11, మంగళవారం

క్లబ్బులో బంతులాటకి వెళ్ళాను. నేను విసిరిన బంతి నా పాత నేస్తం తోంచి కాలికి తగిలింది. ఒరేయ్ యెర్కో, గుడ్డి పీతా, గురి అటుంది, నా కాలు ఇటుంది అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ పడీపడీ నవ్వాను. ఈమధ్య నాకు అన్నిటికీ నవ్వొస్తోంది. ఏం ముసలోడా, ఎవతైనా తగిలిందా అని వాడే అడిగాడు. తగిలిందిలే అన్నాను.

నెవెంక పని నుంచి వచ్చి రెండు కప్పులు కడిగింది. ఎవరొచ్చారు నాన్నా అంది. తోంచి అన్నాను. తోంచి గుమ్మం దాకా వచ్చి రాకియా సారా అడక్కుండా కాఫీ తాగాడా అంది. నా కూతురికి అబద్ధం చెప్పడం కష్టం.

ఫ్రిజ్ మీద గళ్ళ కాగితం అంటించింది. మధ్యలో చుక్క. రోజూ ఒక కన్ను అరచేత్తో మూసి, రెండో దానితో ఆ చుక్క చూడాలట. కుడి కంటికి చుక్కే లేదు, మధ్యలో బూడిద రంగు గుంట. అది పాత సంగతే. ఈసారి ఎడమ కంటికి కూడా గళ్ళు అలల్లా ఊగాయి. నోరు జారి చెప్పేశాను. వెంటనే ఫోను తీసి అడిలైడ్ ఆసుపత్రికి చేసింది.

ఏప్రిల్ 19, బుధవారం

మెషిన్‌లో గడ్డం పెట్టించారు, ఆకుపచ్చ దీపం చూడమన్నారు. డాక్టర్ కీన్ చిన్నపిల్ల, మెల్లగా చెబుతుంది. మామూలు స్కాన్‌లో నా కుడి కంటి అడుగున తెల్లటి ముద్ద కనిపిస్తుందట. అది మచ్చో, ఇంకేదో ఆ బొమ్మలో తేలదట. ఈ కొత్త స్కాన్‌లో మచ్చయితే విడిగా రంగు తేలుతుందట. తేలింది. గోడంత తెర మీద వేస్తే నేనూ ఓరకంట చూశాను. పురి విడిపోయిన తాడులా ఉంది. ఇది మచ్చే, ఇక ఇంజెక్షన్లతో లాభం లేదు, ఈ మచ్చ పోదు అంది. నెవెంక నా చేయి నొక్కింది.

ఎడమ కంటిలో మచ్చ లేదట. నీరు చేరిందట. వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెడితే నిలుస్తుంది, ఆలస్యమైతే అక్కడా ఇలాంటి తాడే పేనుకుంటుంది అంది.

నెవెంక కారు తేవడానికి వెళ్ళినప్పుడు డాక్టర్‌కి దింకో సంగతి చెప్పాను. నవ్వలేదు. మీకు పిచ్చి కాదు, కన్ను బొమ్మ పంపకపోతే మెదడు తనే ఒకటి గీసుకుంటుంది, ఈ జబ్బులో చాలామందికి జరిగేదే అంది. ఎక్కువగా ముక్కూమొహం తెలియనివాళ్ళే కనిపిస్తారట. చూపు మెరుగైతే రావడం మానేస్తారట. నాకు తెలిసినవాడే అన్నాను. ముఖం చూశారా అని అడిగింది.

ఇంజెక్షన్ వద్దని వచ్చేశాను.

ఏప్రిల్ 20

ఇంటికొచ్చాక నెవెంక గిన్నెలతో మాట్లాడింది. చివరికి అంది: అన్న పోయాడు, అమ్మ పోయింది, ఉన్నది నేనొక్కదాన్ని. నా ముఖం చూడాలని నీకు లేదు కదూ నాన్నా.

బయట దింకో కూర్చుని ఉన్నాడు. ఇంత గోల జరిగినా తిరిగి చూడలేదు.

ఏప్రిల్ 21, శుక్రవారం

పొద్దున ఒకటి తట్టింది. పడవ నడిపే వీల్‌హౌస్ గది అద్దం మీద ఉప్పునీళ్ళు పేరుకుంటే ఎదుటి పడవలో ఎవరున్నారో తెలియదు. తుడవాలి. నా కంటిలో ఉన్నదీ నీరే కదా. అది పోతే వాడి ముఖం కనిపిస్తుంది.

ఇంజెక్షన్‌కి ఒప్పుకున్నాను. నెవెంక నా నెత్తిన ముద్దు పెట్టింది. తన కోసమే అనుకుంది. అనుకోనీ.

మే 19, శుక్రవారం

రెండో ఇంజెక్షన్. ఎడమ కంటికి గళ్ళు తిన్నగా నిలబడ్డాయి.

కారులో నెవెంకని చూశాను. జుట్టు సగం నెరిసింది. వాళ్ళమ్మకి ఉన్నచోటే, పెదవి కింద, పుట్టుమచ్చ. ఎప్పుడు ఇంత పెద్దదయింది నా కూతురు. ఏంటి నాన్నా అలా చూస్తున్నావు, పళ్ళలో ఆకుకూర ఉందా అంది. ఉందమ్మా అన్నాను. ఇంత సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కిటికీ దించి గాలికి ముఖం పెట్టాను.

మే 20

బల్ల ఖాళీ.

మే 27

ఖాళీ. కాఫీ పెట్టాను. చీమలు పట్టాయి.

జూన్ 4, ఆదివారం

నెవెంక వెనక నిలబడి గళ్ళ కాగితం చూపించింది. ముందు కుడి కన్ను మూశాను. అన్నీ తిన్నగా ఉన్నాయి. తర్వాత మంచి కన్ను మూసి కుడి కంటితో చూశాను. గుంట. ఆ గుంటలో పసుపు రంగు.

చేయి తీయకుండా కిటికీ వైపు తిరిగాను. బల్ల మీద ఉన్నాడు నా చిట్టితండ్రి. రెండు వారాల నుంచీ అక్కడే ఉన్నాడు పాపం, నేనే చూడలేదు.

మచ్చ పోదని డాక్టర్ చెప్పింది కదా. పోదని చెప్పింది.

జూన్ 15

మా నాన్న పరీక్ష ఒక్క పూట మానడు, చిన్నపిల్లాడిలా చెప్పినమాట వింటున్నాడు అని నెవెంక తోంచికి చెప్పింది. వీడు బడికి కూడా ఇంత బుద్ధిగా పోలేదమ్మా అన్నాడు తోంచి.

జూన్ 22, ఉదయం

ఇవాళ ఇటు తిరిగాడు.

దింకో కాదు. నేనెరగని కుర్రాడు. ఏ తండ్రి ఎక్కడ ఎదురు చూస్తున్నాడో.

కాఫీ వేడిగానే పెట్టాను.