మొదటి ఆప్షన్

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి తొమ్మిదేళ్లు. పొద్దున్న పలాస నెట్ సెంటరుకెళ్లి పీజీ సీటుకి ఆప్షన్లు పెట్టొచ్చాను. ఎమర్జెన్సీ మెడిసిన్. హైదరాబాదులో పేరున్న కాలేజీలో వచ్చే ర్యాంకే, అయినా విశాఖనే మొదట పెట్టాను.

పోయిన నెల రెండు చోట్లా క్యాజువాలిటీ చూసొచ్చాను. హైదరాబాదులో ఆ మిషన్లన్నీ చూసి నోరు తెరిచాను. విశాఖలో ఉండగా మన వైపు మనిషినే, డయాలసిస్ పేషెంటుని, స్ట్రెచర్ మీద తెచ్చారు. పేరైనా అడక్కముందే సిస్టర్ ఆయన భార్యని అడిగింది.

"ఉద్దానమా అమ్మా? బొండాం గానీ తాగించీసినారేటి?"

ఆవిడ తలూపింది. వెంటనే మందు ఎక్కించారు. సాయంత్రానికి ఆయన లేచి కూర్చున్నాడు.

తొమ్మిదేళ్ల కిందట ఆ వారం నువ్వు డయాలసిస్‌కి వెళ్లలేకపోయావు. నీరసంగా ఉందన్నావని అమ్మ మన తోటలోవే రెండు బొండాలు కొట్టి పట్టించింది. టెక్కలి ఆస్పత్రికి చేరేలోపే నీ గుండె ఆగిపోయింది. కిడ్నీలు పాడైనవాళ్లకి ఆ నీళ్లలో పొటాషియం ఎంత ప్రమాదమో ఎంబీబీఎస్‌లో చదివాను. ఆ రోజు పుస్తకం మూసేశాను. అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

ఇవాళ ఇంటికి రాగానే అమ్మ అడిగింది. "హైదరాబాదు వొగ్గీసి ఇక్కడెందుకే?"

"నీకు దగ్గరుంటానని."

అమ్మ మొహం వెలిగిపోయింది. "ఎండలో పడొచ్చినావు, ముందిది తాగు" అంటూ బొండాం కొట్టి చేతికిచ్చింది.

ఎదురుగా నిలబడి చూస్తోంది నాన్నా. చుక్క మిగల్చకుండా తాగాను.