వంటింటి సాక్ష్యం

ఎల్మ్‌క్లిఫ్,
అక్టోబరు 19, 1974

నా బంగారు చెల్లి హెల్మీకి,

నువ్వు రెండుసార్లు ఫోన్ చేశావని చెప్పారు. ఆ ఫోను హాల్లో ఉంటుంది, హాల్లో మా యజమానురాలు పెద్దమ్మగారుంటారు. అందుకే రాస్తున్నాను. చదివాక పొయ్యిలో పడెయ్.

పేపర్లో చూసే ఉంటావు, చనిపోయింది మా రోలండ్ బాబు భార్య డెల్లా. మోంటానాలో పశువుల మధ్య పెరిగిన పిల్ల. ఈ ఇంటికి కోడలై వచ్చి ఆరేళ్లయినా పెద్దమ్మగారు ఆమెను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. కొడుకుతో ‘నీ భార్య’ అనడమే. డెల్లా మాత్రం నా వంటింట్లోకి వచ్చి బల్లెక్కి కూర్చుని, గిన్నెలోంచే తినేది. “ఐనో, ఈ కొంపలో నోరారా నవ్వేది మనిద్దరమే. అందుకే మనల్ని వెనకవైపు పెట్టారు” అనేది.

ఈ నెల మొదట్లో ఒకరోజు భోజనాల దగ్గర, తను విడాకులు తీసుకుంటున్నాననీ, నాలుగేళ్ల నెల్‌ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోతాననీ చెప్పేసింది. నేను సూప్ వడ్డిస్తూ అక్కడే ఉన్నాను. రోలండ్ బాబు తల ఎత్తలేదు. పెద్దమ్మగారు చెంచా కింద పెట్టి, “నువ్వు నిక్షేపంగా వెళ్ళు. ఈ వాడ్‌హామ్‌ల ఇంటి పిల్ల మాత్రం ఎక్కడికీ వెళ్ళదు” అన్నారు.

మొన్న మంగళవారం పొద్దున ఏడింటికి రోలండ్ బాబు వెనక తలుపు తోసుకుని వచ్చాడు. ప్యాంటు మోకాళ్లదాకా తడి. అంట్లతొట్టిలో వాంతి చేసుకున్నాడు. “ఏమైంది బాబూ?” అంటే నా మొహంలోకి ఒకసారి చూసి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. అరగంటకి పెద్దమ్మగారు దిగొచ్చారు. స్నానం చేసి, జుట్టు దువ్వి, ముత్యాలు కూడా వేసుకున్నారు.

“ఐనో, డెల్లాకి ప్రమాదం జరిగింది. తోటలో గాజు గదిలో పడి ఉంది” అన్నారు. ఆ నోట ఆ పేరు వినడం అదే మొదలు. “పోలీసులొస్తారు. రోలండూ నేనూ ఆరున్నర నుంచి ఇక్కడే నీ ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాం. గుర్తుంది కదూ?”

“గుర్తుందమ్మా” అన్నాను.

ముప్పై నాలుగేళ్లుగా ఆమె ఏది చెప్పినా అదే జవాబు చెప్పిన నాలుక. నేను ఆలోచించుకునేలోపే అనేసింది. డిటెక్టివ్ ఫెరిస్ వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఆమెతో చర్చిలో మాట్లాడినట్టు మాట్లాడాడు. నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. “అవునండీ, ఇద్దరూ ఇక్కడే ఉన్నారు” అన్నాను. సాయంత్రానికి తోటమాలి కాజిమిర్‌ని పట్టుకుపోయారు. డెల్లా తలమీద పడింది అతని పార. పైగా కుర్రతనంలో ఏదో కొట్లాటలో జైలుకెళ్ళొచ్చాడట. వాళ్లకి అంతకన్నా ఏం కావాలి?

ఆ పని చేసింది రోలండ్ బాబే, హెల్మీ. తల్లి యూరప్ తిరుగుతుంటే నా గదిలో, నా పక్కన పడుకుని తట్టు నుంచి లేచిన పిల్లవాడు. నేనిప్పుడు వాడికి అడ్డం నిలబడ్డాను. ఒక పాపమూ ఎరగనివాడు జైల్లో ఉన్నాడు. నేను మాత్రం రోజూ లేచి వీళ్లకి కాఫీ పెడుతున్నాను.

నీ అక్క,
ఐనో


వాకీగన్,
నవంబరు 30, 1974

హెల్మీ తల్లీ,

చిరునామా మారింది చూశావా? ఆ ఇంటి పని పోయింది. ఇక్కడ మనవాళ్లింట్లో గది తీసుకున్నాను.

కాజిమిర్ భార్య స్టెఫానియా పోయిన వారం వెనక గుమ్మం దగ్గరికి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. “మా ఆయన మీ వంటింటి కిటికీ కింద పదకొండేళ్లు పనిచేశాడు. ఆయన గురించి మంచి చెప్పమని అడగను. మీరు చూసింది చెప్పండి చాలు” అంది. తలుపేసుకున్నాను గానీ, ఆమె మెట్లమీదే కూర్చుంది. ఆమె లేచి వెళ్ళేసరికి నేను కోటు తొడుక్కుని ఉన్నాను.

ఫెరిస్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆరున్నరకి వంటింట్లో ఎవరూ లేరని, బాబు తడి ప్యాంటుతో ఏడింటికి వచ్చాడని. ఇల్లు వెతికితే బాబు బూటుకి రక్తం దొరికింది. కాజిమిర్‌ని వదిలేశారు. బాబుని తీసుకెళ్లారు. కారెక్కుతూ నా వైపు చూశాడు హెల్మీ. కోపం లేదు ఆ చూపులో. చిన్నప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే చూసేవాడు, అలాగే చూశాడు.

పెద్దమ్మగారు “నీ పెట్టె సర్దుకో” అన్నారంతే. కన్నకొడుకుని నా నోటితో జైలుకి పంపాను కదా, ఆవిడ నన్ను చీల్చెయ్యాలి. గొంతు కూడా పెంచలేదు. ఆ నిబ్బరమేమిటో నాకు అంతుపట్టలేదు.

క్రిస్మస్ వెళ్ళాక నీ దగ్గరికి, డులూత్ వచ్చేస్తాను. నువ్వు ఉండమన్న పై గదిలోనే ఉంటాను. నిజం చెప్పాను కదా, నిద్ర పడుతుందనుకున్నాను. పట్టడం లేదు.

నీ ఐనో


ఎల్మ్‌క్లిఫ్,
జనవరి 12, 1975

ప్రాణంలాంటి చెల్లికి,

మళ్లీ ఎల్మ్‌క్లిఫ్ నుంచి ఉత్తరమేమిటని కంగారుపడకు. చివరిదాకా చదువు.

ఊరొదిలేముందు బాబుని చూడ్డానికి జైలుకి వెళ్లాను. మధ్యలో తీగెల అడ్డం. మనిషి సగమయ్యాడు.

“నేనే చంపాననుకున్నావా ఐనో?” అన్నాడు.

“ఏమనుకోను బాబూ? ఆ ప్యాంటు, ఆ వాంతి...”

“మంచం మీద డెల్లా లేకపోతే వెతుక్కుంటూ తడిగడ్డిలో పడి వెళ్లాను. అమ్మ గాజు గదిలోంచి బయటికొస్తోంది. చేతిలో పార ఉంది. నేను లోపలికి పరిగెత్తాను. డెల్లాకి ఊపిరి లేదు. అమ్మ గుమ్మంలో నిలబడి, ‘నెల్ ఇక ఎక్కడికీ వెళ్ళదు. నువ్వు ఇంట్లోకి పో’ అంది. పోయాను. అంతే ఐనో, పోయాను. పుట్టిన దగ్గర్నుంచీ నేను చేసింది అదేగా.”

తీగెల దగ్గరికి జరిగాను. “మరి ఆ మాట చెప్పవేంరా?”

“లాయరుని పెట్టింది అమ్మే. ఎలాగైనా విడిపిస్తానంది.”

“నిన్ను బలిపెడుతోందిరా, వెర్రి నాగన్నా!”

“అమ్మని నేనెలా పట్టిస్తాను ఐనో?” అన్నాడు. ముప్పై ఆరేళ్లవాడు, ఆరేళ్లవాడిలా.

అక్కణ్ణుంచి నేరుగా ఫెరిస్ దగ్గరికి వెళ్లాను. అతను చెయ్యెత్తి ఆపాడు. “మొదట ఇద్దరూ వంటింట్లో ఉన్నారన్నావు. తర్వాత లేరన్నావు. ఇప్పుడు పెద్దావిడే చంపిందంటున్నావు. పైగా ఆవిడ పనిలోంచి తీసేసిన మనిషివి. నీ మాట కోర్టులో మూడు నిమిషాలు నిలుస్తుందా?” అయినా నా పోరు పడలేక వెళ్లి బాబుని అడిగాడు. బాబు ఏమన్నాడో తెలుసా? “పాపం, ఐనోకి వయసు మీదపడింది” అన్నాడట.

ఆ పొద్దున పెద్దమ్మగారు నాచేత అబద్ధమాడించింది కొడుకు కోసం కాదు హెల్మీ, తన కోసం. నేను మాట మార్చినప్పుడు కూడా అందరూ తడి ప్యాంటునే చూశారు. ఆవిడ ఆరున్నరకి ఎక్కడుందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. వాడ్‌హామ్‌ల ఇంటి ఆడమనిషి పార పట్టుకుంటుందని ఎవరి ఊహకొస్తుంది? నాకున్న ఒక్క మాటనీ అబద్ధానికి ఖర్చుపెట్టేశాను. నిజం చెప్పే వేళకి చేతిలో ఏమీ మిగల్లేదు.

డెల్లా తల్లి మోంటానా నుంచి వచ్చి మనవరాలి కోసం కోర్టుకెళ్లింది. జడ్జి నెల్‌ని పెద్దమ్మగారికే అప్పగించాడు.

నేను డులూత్ బస్సుకి టికెట్టు కొనుక్కున్న రోజున పెద్దమ్మగారు ఫోన్ చేశారు. “పిల్ల తిండి ముట్టడం లేదు. రేపు పనిలోకి రా” అన్నారు. రానని చెప్పడానికే నోరు తెరిచాను. వెనక నెల్ ఏడుపు వినిపించింది.

వచ్చాను. పిల్ల నా నడుం చుట్టూ చేతులు వేసి పొద్దుగూకేదాకా వదల్లేదు. మర్నాడు దానికి అన్నం తినిపిస్తుంటే పెద్దమ్మగారు గుమ్మంలోకి వచ్చారు.

“రోలండ్‌ని చూడ్డానికి వెళ్ళావట.”

“వెళ్ళానమ్మా.”

“ఏం చెప్పాడు?”

“అంతా చెప్పాడు.”

ఆవిడ నెల్ తలమీద చెయ్యి వేశారు. పిల్ల ఉలిక్కిపడలేదు. దానికేం తెలుసు! “అయితే ఇక నువ్వు దీన్ని వదిలి పోలేవు” అన్నారు, జీతం మాట్లాడినంత మామూలుగా.

నిజమే చెల్లీ, పోలేను. ఆ పై గది ఎవరికైనా అద్దెకిచ్చెయ్. రోజూ ఆవిడకి వండిపెడతాను. ఆవిడ చేతిలో నెల్ ఒంటరిగా ఉండకుండా పగలంతా కాపు కాస్తాను. ఇంతకుమించి నాకేమీ చేతకావడం లేదు. ఆవిడకి డెబ్బై, నాకు అరవై ఒకటి. ఆదివారం చర్చిలో మోకరిల్లినప్పుడు నాకోసం ఒక్కటే అడుగు. ఆవిడకన్నా ఒక్కరోజైనా ఎక్కువ బతకనివ్వమని.

నీ అక్క,
ఐనో