రాజకుమారి హనుమక్క

చిక్కపేట, బెంగళూరు
మార్చి 1998

ముద్దుల జెస్సీకి,

నువ్వు పంపిన పుస్తకం అందిందే. ఫోన్ చేసి చెప్పొచ్చు గానీ, ఫోను హాల్లో మా అత్తయ్య మంచం పక్కనే ఉంటుంది. ఇప్పుడు రాయబోయేది ఆవిడ చెవిన పడకూడదు. చదివి దాచుకో, మీ ఆయన స్టాన్లీకి కూడా చెప్పకు.

ముందు పుస్తకం సంగతి. పాప నాలుగో పుట్టినరోజున పొట్లం విప్పగానే ఇంటిల్లిపాదీ నోళ్లు తెరిచాం. బొమ్మల కథలు ఎరగనివాళ్లం కాదు. కానీ అట్ట మీద బంగారు జుట్టు పిల్ల, ఆ బొమ్మ కింద మా పాప పేరు. లోపల మొదటి పేజీలోనే, అనగనగా బెంగళూరు చిక్కపేటలో హనుమక్క అనే రాజకుమారి ఉండేదని ఇంగ్లీషులో రాసి ఉంది. అడవిలో దారి తప్పిన రాజకుమారిని ఎలుగుబంటి, ఏరు, చందమామ, అందరూ పేరు పెట్టి పిలుస్తూ వెతకడమే కథంతా. పక్కింటి చందు కూడా గుర్రమెక్కి వస్తాడు. బొమ్మల కాగితాలు ముందే అచ్చయి ఉంటాయని, మీ పుస్తకాల అంగట్లో పేర్లు మాత్రం కంప్యూటర్లో కొట్టి, అక్కడికక్కడే అట్ట వేసి ఇస్తారని మా ఆయన వివరంగా చెప్పారు. చేసే పద్ధతి తెలిశాక కూడా నా ఆశ్చర్యం తీరలేదు. చీరల మూటలు మోసే కూలీలు, తోపుడు బళ్లు తప్ప ఇంకేమీ కనిపించని మా సందు కథలోకి ఎట్లా వెళ్లిందా అని ఆ పేజీని చేత్తో తడుముతూ కూర్చున్నాను.

ఇక అసలు సంగతి. పుస్తకం కోసం పేర్లు అడుగుతూ నువ్వు ఫోన్ చేసినప్పుడు "పాప పేరేంటే?" అంటే నేను రిసీవరు మా ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయాను, గుర్తుందా? పాలు పొంగుతున్నాయన్నాను. పాలూ లేవు, పొంగూ లేదు. ఆ పేరు నేను రాయొచ్చు గానీ పలకకూడదు. అది మా అత్తయ్య పేరు. మా వైపు అత్తమామల పేర్లు కోడలి నోట రాకూడదు. పిల్లకు నానమ్మ పేరు పెడితే, కన్నతల్లి ఆ పిల్లను కూడా ఆ పేరుతో పిలవకూడదు. మీ ఇళ్లలో ఈ తంటా లేదు, నీకు నవ్వొస్తుంది. నవ్వుకో. మామగారు పోయే ముందు "మనవరాలు పుడితే మీ అమ్మ పేరే పెట్టు" అని కొడుకు చేత ఒట్టు వేయించుకున్నారు. బాలసారె నాడు ఉయ్యాల చుట్టూ చేరి ఊరంతా ఆ పేరు పిలుస్తుంటే, కన్నదాన్ని నేనొక్కదాన్నే పెదవి కదపకుండా నిలబడ్డాను. అప్పట్నుంచి పాపా, బుజ్జీ, చిట్టీ, ఇదిగో ఇట్లాగే నెట్టుకొస్తున్నాను. ఎవరూ లేనప్పుడైనా అనొచ్చు కదా అంటావు. నోరు రాదే, అలవాటు లేదు.

పుస్తకం మొదట వాళ్ల నాన్నే చదివి వినిపించారు. పేరు వచ్చినప్పుడల్లా పాప గంతులు వేసింది. మర్నాడు నా ఒళ్లో కూర్చుని నన్ను చదవమంది. పేరున్న చోటల్లా నేను "మన పాప" అని దాటేశాను. "మన పాప అడవిలోకి వెళ్లింది. మన పాపా, యాడున్నావ్ అని ఎలుగుబంటి పిలిచింది." అది కాసేపు నా మొహంలోకి చూసి, పుస్తకం మూసేసింది.

"నాన్న చదివితే కథలో నేనుండాను. నువ్వు చదివితే నేను లేను," అంది.

ఆ మాట విని, జెస్సీ, వంటింట్లోకి పోయి బాగా ఏడ్చాను. ఏడ్చాక ఒక నిర్ణయానికి వచ్చాను. జూన్‌లో పాపను బడిలో చేర్చాలి. ఆయనకు అంగడి వదిలి రావడానికి తీరదు, నేనే తీసుకెళ్తాను. అక్కడ పేరు చాందిని అని చెప్పేస్తాను. ఆ తర్వాత ఇంట్లో ఎంత రభస అయినా కానీ. నా బిడ్డను నేను నోరారా పిలుచుకోవాలి. స్టాన్లీకి కారణం చెప్పకుండా చాందిని పేరుతో ఇంకో పుస్తకం చేయించి పెట్టు. ఇది మాత్రం బీరువా పైన పడేశాను.

నీ
అనిత


చిక్కపేట, బెంగళూరు
జూన్ 1998

జెస్సీ, నా బంగారుతల్లీ,

చాందిని పుస్తకం చేయించవద్దు. ఇప్పటికే చేయించి ఉంటే మీ అంగడి అద్దాల్లో పెట్టుకో, ఏ చాందిని అయినా వచ్చి తీసుకుపోతుంది.

బడికి వెళ్లాల్సిన ముందు రోజు మధ్యాహ్నం అత్తయ్య ముక్కాలిపీట వేసుకుని, బీరువా మీది పుస్తకం దించారు. నా ముందు పెట్టి, తాను చింతపండు పళ్లెంతో ఎదురుగా కూర్చున్నారు.

"బిడ్డ దీనికోసరం ఏడుస్తా ఉండాది. పైన పెడితే ఎట్లప్పా? చదువు. నేనూ వింటా," అన్నారు. ఆవిడకు ఆడామగా అందరూ అప్పాలే.

"నాకు కళ్లు ఆనడం లేదత్తయ్యా. ఆయన వచ్చాక చదువుతారు."

"కండ్లు ఆనకనా, నోరు రాకనా?"

నేను తల వంచుకున్నాను. "అది మీ పేరు కదా," అన్నాను.

"నా పేరని నాకు తెలీదా? ఆ పేరు తీసేస్తే ఇంక కథలో ఏముండాది? చదువు."

చదివాను. ఇంగ్లీషు ముక్కలను తెలుగు చేసుకుంటూ, మొదటిసారి ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి గొణిగినట్టు అన్నాను. పాప చటుక్కున నా వైపు తిరిగింది. రెండోసారి కాస్త పైకి అన్నాను. ఇంటి కప్పు కూలలేదు. ఎలుగుబంటి పిలిచింది, ఏరు పిలిచింది. ఇక నాకు పూనకం వచ్చినట్టయింది, హనుమక్కా హనుమక్కా అని అడవి మొత్తం పిలిచేశాను. చివర్లో చందమామ కిందికి వంగి, "హనుమక్కా, భయపడకు, నేనున్నాను" అన్నాడు. తలెత్తి చూస్తే, చింతపండు గింజ తీస్తున్న అత్తయ్య చెయ్యి అట్లాగే ఆగిపోయి ఉంది.

"ఆ చందమామ మాట మళ్లా ఒకసారి చదువు," అన్నారు.

చదివాను. మళ్లీ చదవమన్నారు.

"మా యమ్మ పోయినంక ఈ పేరుతో నన్ను పిలిచినోళ్లు లేరప్పా," అన్నారు చివరికి. "మీ మామ ఏమే అనె. పిల్లోళ్లు అమ్మా అనిరి. మీరు అత్తా అంటిరి. నాకొక పేరుండాదనేదే మర్చిపోయింటి. చందమామకు గుర్తుండాది చూడు."

ఆవిడ పేరును ఆవిడే కాపలా కాస్తున్నారని ఇన్నేళ్లూ అనుకున్నాను జెస్సీ. పాపకు పెట్టిన పేరును నేను ఎంత పోగొట్టుకున్నానో, ఆవిడా అంతే పోగొట్టుకున్నారు. బంగారు జుట్టు పిల్ల బొమ్మను వేలితో తాకి, "ఇది నేనేనా?" అని పాపను అడిగారు. "నువ్వూ నేనూ ఇద్దరమూ అవ్వా," అంది పాప. అరవై దాటిన మనిషి ముఖం అట్లా వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఆవిడ కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

కాసేపటికి ఆవిడే అన్నారు. "బడిలో నీకు నచ్చిన పేరు చెప్పుకోప్పా. నాది పాతకాలం పేరు. పిల్లోళ్లు నవ్వుతారేమో." నా మనసులో ఉన్నది ఆవిడకెట్లా తెలిసిందో నాకు అర్థం కాలేదు.

మర్నాడు అత్తయ్య కూడా పట్టుచీర కట్టుకుని మాతో బడికి వచ్చారు. పుస్తకం చంకలో పెట్టుకుని పాపా, పక్కనే ఆవిడా వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. లోపల హెడ్మిస్ట్రెస్ కన్నడంలో "మగు హెసరు హేళి" అన్నారు, పిల్ల పేరు చెప్పమని. చాందిని అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడు చెప్పినా అడ్డం వచ్చేవాళ్లు లేరు. తిరిగి చూశాను. తలుపులోంచి బెంచీ కనిపిస్తోంది, ఇద్దరూ ఒకే పేజీ మీద తలలు వాల్చి ఉన్నారు.

"హనుమక్క," అన్నాను. అది నాకు తక్కువగా అనిపించి, బెంచీ వైపు తిరిగి గట్టిగా "హనుమక్కా" అని పిలిచాను.

పాప "ఆఁ" అంటూ పరుగెత్తుకొచ్చి నా కొంగు పట్టుకుంది. దాని వెనకే అత్తయ్య కూడా చెప్పులు తొడుక్కుని, గడప దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"పిలిచినావా అప్పా?" అన్నారు.

"పిలిచాను అత్తయ్యా," అన్నాను.

నీ
అనిత