ట్యాంకు మీద ఎర్ర బోర్డు

జూన్ 14, గురువారం
షాపు కౌంటరు దగ్గర నుంచి

వదినకి,

నీ ఆడపడుచు వంగి వంగి నమస్కారం పెట్టి రాస్తోంది. ఆడపడుచు ఉత్తరం అనగానే కంగారు పడకు, తగువుకి కాదు. నువ్వూ పిల్లలూ కులాసా అనుకుంటాను. నా సంగతి అడక్కు, నిన్నటి నుంచి కాళ్లు నేల మీద ఆనడం లేదు. షాపు కంప్యూటర్లోనే గబగబా కొట్టేస్తున్నాను. తప్పులుంటే టీచరమ్మవి, దిద్దుకుని చదువుకో.

పోయిన వారం ఫోన్ చేసి, డేంజర్ అనే మాట ఎక్కడ పుట్టింది వదినా అని అడిగాను కదా. బోర్డులు అమ్ముకునేదానివి, దాని పుట్టుపూర్వోత్తరాలు నీకెందుకే అని నవ్వావు. నవ్వుతూనే ఆ లావుపాటి డిక్షనరీ తీసి చదివి చెప్పావు. ఎందుకని అడిగితే షాపు పని అన్నాను. నిజంగా షాపు పనే, విను.

అద్దకం మిల్లు నుంచి ముప్పై ఆరు బోర్డుల ఆర్డరు వచ్చింది. నా షాపు మొహానికి అంత పెద్దది ఎప్పుడూ రాలేదు. మిల్లు వెనకాల రంగునీళ్ల ట్యాంకు ఒకటి ఉంది. నెలకోసారి మనుషులు దిగి అడుగున మడ్డి తోడాలి. మూత తీస్తే చాలు, కళ్లు మండిపోతాయి. పోయిన నెల ఒకతను లోపలే కళ్లు తిరిగి పడిపోతే, పక్కనున్నవాడు చొక్కా పట్టి పైకి లాగాడు.

కొలతలు తీసుకుని దానికి డేంజర్ అని ఎర్ర బోర్డు రాసుకున్నాను. మేనేజరు చూసి కొట్టేశాడు. డేంజర్ వద్దమ్మా, పసుపు బోర్డు మీద కాషన్ అని వెయ్యి, మనుషులు బెదిరిపోతారు అన్నాడు. పదిహేనేళ్లుగా బోర్డులు కోస్తున్నాను, నాకు చెప్తాడా? కాలు జారే చోట కాషన్. ప్రాణం పోయే చోట డేంజర్. ఆయన భయం మనుషులు బెదురుతారని కాదు. వాళ్ల రూలు పుస్తకానికి స్పైరల్ బైండింగ్ వేసింది నేనే, అందులో చదివాను. డేంజర్ బోర్డు ఉన్న చోట లోపలి గాలి మీటరుతో చూడాలి, నడుముకి తాడు కట్టాలి, పైన ఒక మనిషి కదలకుండా నిలబడాలి. పసుపు బోర్డయితే చేతికి తొడుగులు, మూతికి గుడ్డ, ఇక దిగిపో. ఒక పూట టైము మిగులుతుందని ఆయన లెక్క.

పసుపు బోర్డు నేను చెయ్యను అన్నాను. అయితే మొత్తం ఆర్డరు ఇంకో షాపుకి పోతుంది అన్నాడు. నా నోరు ఊరుకోదుగా, మీ ఓనరుగారితో ఒక్క మాట చెప్పి పోతాను అన్నాను.

నిన్న పొద్దున ఓనరు గది. పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటూ, ఏంటమ్మా ఒక్క మాట కోసం ఇంత రభస అన్నాడు. నువ్వు చెప్పిందంతా అప్పజెప్పాను. సార్, డేంజర్ అంటే మొదట్లో ప్రమాదం కాదంట, యజమాని అధికారమంట. ఫ్రెంచి నుంచి వచ్చిందంట, దాని వెనకాల లాటిన్లో యజమాని అనే మాట ఉందంట. ఫలానావాడి డేంజర్‌లో ఉన్నాను అంటే, వాడి చేతిలో ఉన్నాను, వాడు ఏం చేసినా దిక్కులేదు అని. ఆ ట్యాంకులోకి దిగినవాడు అలాగే మీ చేతిలో ఉంటాడు సార్, ఆ సంగతే బోర్డు మీద రాయమంటున్నాను అన్నాను.

మేనేజరు నవ్వాడు. బోర్డులమ్మ పాఠం బాగుంది సార్ అన్నాడు. పెద్దాయన నవ్వలేదు. నువ్వెప్పుడైనా ఆ ట్యాంకులోకి దిగావా అని అడిగాడు. నేనెందుకు దిగుతాను సార్ అన్నాడు మేనేజరు. ఇవాళ దిగు, పసుపు బోర్డే కదా, తొడుగులు తెప్పించనా అన్నాడు పెద్దాయన. మేనేజరు మొహం చూడాల్సింది, ఉతికి ఆరేసిన గుడ్డలా పాలిపోయింది!

గంటలో ఎర్ర బోర్డు కోసుకొచ్చి, నా డ్రిల్లుతో నేనే నాలుగు స్క్రూలు బిగించాను. మీటరు లోపలికి దించగానే కీచుమని ఒకటే మోత. రెండు గంటలు ఫ్యాను పెట్టి గాలి తోలాక గానీ అది నోరు మూయలేదు. చుట్టూ నిలబడ్డవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. మిగతా ముప్పై అయిదు బోర్డులూ నావే. గెలిచాం వదినా!

ఇట్లు, డిక్షనరీ ముక్క కూడా సొంతంగా తెలియకపోయినా నెగ్గుకొచ్చిన
నీ ఆడపడుచు

తా.క. అసలు సంగతి రాయడానికి ఇంతసేపూ చెయ్యి రాలేదు. పోయిన నెల ఆ ట్యాంకు లోపల పడిపోయింది అన్నయ్యే. మిల్లు స్టోర్సులో కుర్చీ పని అని నీకు చెప్తున్నాడే, ఆ స్టోర్సు తీసేసి ఏడాదైంది. నీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నిన్న మీటరు ఊరుకున్నాక, నడుముకి తాడు కట్టుకుని మొదట దిగింది కూడా తనే. పైన తాడు పట్టుకుని అరగంట కదలకుండా నిలబడింది ఎవరనుకున్నావ్? మేనేజరు! అన్నయ్య ఆదివారం ఇంటికొస్తున్నాడు. నీ ఇష్టం వచ్చినంత తిట్టుకో. నేను చెప్పానని మాత్రం అనకు.